బ్యాటరీ 6 శాతం ఉన్నప్పుడు తీసిన స్క్రీన్‌షాట్లు: గుంటూరు, విజయవాడ కాలేజీల వారికి బహిరంగ లేఖ

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల యాజమాన్యాలకూ, ప్రిన్సిపాళ్లకూ, లెక్చరర్లకూ నమస్కారం.

పోయిన నెలలో మిడ్స్‌కి, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలకి, రెండు రోజుల ముందు, రాత్రి తొమ్మిది దాటాక, షట్టర్ సగం దించేసిన టైములో ఒక కుర్రాడు వంగి లోపలికొచ్చి "అంకుల్, ఇవొక్కటీ తీసివ్వండి" అని ఫోను చేతిలో పెట్టాడు. చూస్తే ఫైలు కాదు, ఫొటోలు. మొత్తం 143 స్క్రీన్‌షాట్లు. కాలేజీవాళ్లు కొనిపించిన యాప్‌లో పాఠం డౌన్‌లోడ్ అవదట, ప్రింట్ ఆప్షన్ ఉండదట, అందుకని రాత్రంతా కూర్చుని ఒక్కో పేజీ తెరవడం, ఒక్కో స్క్రీన్‌షాట్ కొట్టడం, అదీ వాడు చేసిన పని. ప్రింట్లు వస్తుంటే చూశాను. ప్రతి కాగితం పైన మూలన టైమూ, బ్యాటరీ శాతమూ కూడా అచ్చవుతున్నాయి. మొదటి పేజీ మీద 11:52, బ్యాటరీ 41. చివరి పేజీ మీద 2:38, బ్యాటరీ 6. మధ్యలో ఒకచోట బ్యాటరీ అయిపోతోందని ఫోను హెచ్చరించిన డబ్బా వచ్చి సరిగ్గా సర్క్యూట్ బొమ్మ మీద కూర్చుంది, సగం బొమ్మ దాని కింద ఉండిపోయింది. ఆ పేజీ మళ్లీ తీయరా అంటే "హాస్టల్లో వైఫై పోయింది అంకుల్, ఫర్వాలేదు" అన్నాడు.

నేను వంద రూపాయలు తీసుకున్నాను. అవే పాఠాల కోసం వాడు అప్పటికే కాలేజీలో 2,832 రూపాయలు కట్టి ఉన్నాడు. ఆ రాత్రి ఇంటికెళ్లాక నాకు నిద్ర పట్టలేదు, ఈ ఉత్తరం అప్పటినుంచే మనసులో రాసుకుంటున్నాను.

నేను బ్రాడీపేటలో పద్దెనిమిదేళ్లుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. బీకాం చదివాను. పిల్లలు ఏం చదవాలో మీకు సిలబస్ కాపీలో కనబడుతుంది, నిజంగా ఏం చదువుతున్నారో నాకు కౌంటర్ మీద కనబడుతుంది. ఇదంతా రాస్తే మన గిరాకీ మనమే పోగొట్టుకున్నట్టు కదా అని మా ఆవిడ అడిగింది. పెళ్లి కార్డులున్నాయి, కోర్టు కాగితాలున్నాయి, ఆధార్ కాపీలున్నాయి, షాపు ఎలాగోలా నడుస్తుంది. పిల్లల దగ్గర చిల్లర లెక్కపెట్టించుకుని తీసుకునే డబ్బు తగ్గితే నాకు బాధ లేదు.

పైగా నేనూ తండ్రినే. మా పెద్దమ్మాయి ఇంజనీరింగ్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), ఇప్పుడు 2-2లో, అంటే రెండో ఏడాది రెండో సెమిస్టర్‌లో ఉంది. కాలేజీ పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క కాలేజీ సంగతి కాదు. ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు "డిజిటల్ లెర్నింగ్ ప్యాకేజీ" అని వేరే రసీదు చేతిలో పెట్టారు. ప్యాకేజీ 2,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 432. ఇది తప్పనిసరా అండీ అని అడిగాను. తప్పనిసరి ఏమీ కాదండీ, కాకపోతే అసైన్‌మెంట్లు అందులోనే సబ్మిట్ చేయాలి, ఇంటర్నల్స్‌కి కలుస్తాయి అన్నారు కౌంటర్లో అమ్మాయి. ఇక తప్పనిసరి కాకపోవడమంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. కాకినాడ జేఎన్‌టీయూ 2023 నియమాల (ఆర్23) ప్రకారం సబ్జెక్టుకి కాలేజీ వేసే ఇంటర్నల్ మార్కులు 30, యూనివర్సిటీ పరీక్ష ఎక్స్‌టర్నల్ 70. ఆ 30లో అసైన్‌మెంట్ వాటా చిన్నదే కావచ్చు, కానీ ఏ తండ్రి తన కూతురికి ఆ మార్కులు వద్దని చెప్పి వచ్చేస్తాడు? కట్టాను. నా వెనక లైన్లో పొన్నూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన, పొలం పని మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు, ఆ రసీదు రెండుసార్లు తిప్పి చూసి, ఏమీ అడక్కుండా కట్టేశాడు.

అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. నోట్‌బుక్కుల మీద ఉన్న 12 శాతం కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. చదువుకునే పిల్లాడి మీద పన్ను ఎందుకని ప్రభుత్వమే అనుకుని తగ్గించిన ఖర్చుని మనం ఇంకో రూపంలో పెంచి ఆ పిల్లాడి చేతికే ఇస్తున్నాం.

2-1లో మా అమ్మాయికి సిగ్నల్స్ సబ్జెక్టు పోయింది. పోవడం తన తప్పే, కాదనను. సప్లీకి, అంటే తప్పిన సబ్జెక్టు మళ్లీ రాసే పరీక్షకి, చదువుకుందామని యాప్ తెరిస్తే లాగిన్ పనిచేయలేదు. సెమిస్టర్ అయిపోయింది కాబట్టి యాక్సెస్ అయిపోయిందన్నారు, కావాలంటే మళ్లీ కట్టమన్నారు. నాకు నిజంగా కోపం వచ్చింది అప్పుడే. పాసైన పిల్లకి ఆ పాఠం మళ్లీ అవసరం లేదు, తప్పిన పిల్లకే అవసరం. సరిగ్గా అవసరం ఉన్న పిల్ల ముందే తలుపు మూసుకుంటే దాన్ని చదువుకునే సాధనం అని ఎలా అంటాం? నేను చదువుకునే రోజుల్లో రైలెక్కి విజయవాడ వెళ్లి లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లో సగం ధరకి కొనుక్కునేవాళ్లం, పరీక్షలయ్యాక అక్కడే ఇంకాస్త తక్కువకి అమ్మేసేవాళ్లం, లేకపోతే తమ్ముడికి ఇచ్చేవాళ్లం. ఒక పుస్తకం నలుగురి చదువు చూసేది. లాగిన్‌ని తమ్ముడికి ఇవ్వలేం, లెనిన్ సెంటర్‌లో అమ్మలేం.

ఇక కౌంటర్ సంగతి చెబుతాను, ఎందుకంటే మీకు ఇది కనబడే అవకాశం లేదు.

సెమిస్టర్‌కి థియరీ సబ్జెక్టులు అయిదు అనుకుందాం. ఒక్కోదానికి ఆల్ ఇన్ వన్ అనే పరీక్షల గైడు రెండొందల నుంచి మూడొందలు. దాని మీద ల్యాబ్ రికార్డులు, అబ్జర్వేషన్ బుక్కులు, సార్ పంపిన పీడీఎఫ్‌లు, సీఆర్ (క్లాసు ప్రతినిధి) పంపిన సీనియర్ల రన్నింగ్ నోట్సు, మిడ్స్‌కి ముందు ఇంపార్టెంట్ క్వశ్చన్లు, ఆఖర్న ప్రాజెక్టు బైండింగు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లలకి కూడా ఇవన్నీ జేబులోంచే. ఇవి ఒక్కసారిగా పడవు కాబట్టి ఎవరూ కూడి చూడరు. ముప్ఫై, అరవై, నూట పది, అలా పడుతూ ఉంటాయి. పిల్లలు నన్ను అడిగే మాటలు వింటే తెలుస్తుంది. "అంకుల్, ఒక కాగితం మీద నాలుగు పేజీలు పడతాయా?" పడతాయమ్మా, కానీ కనబడవు. "ఫర్వాలేదు అంకుల్, ఫోన్ టార్చ్ వేసుకుని చదువుతాను." మొన్నీమధ్య ప్రత్తిపాడు బస్సు దిగి వచ్చిన ఒక అమ్మాయి అయిదు యూనిట్ల పీడీఎఫ్ తెచ్చి, రేటు అడిగి, పర్సులో చూసుకుని, నన్ను అడిగింది: "మూడు యూనిట్లే తీయించుకుంటాను అంకుల్. ఏ మూడు తీయమంటారు?"

చూడండి, ఆ ప్రశ్న మిమ్మల్ని అడగాల్సింది, నన్ను అడిగింది. నాకేం తెలుసు? మిగతా పిల్లలు ఎక్కువగా ఏవి తీయించుకుంటున్నారో అది చెప్పాను. ఒక బీకాం చదివిన జిరాక్స్ షాపువాడు చెప్పిన మాట మీద ఒక ఇంజనీరింగ్ అమ్మాయి ఏ పాఠాలు చదవాలో నిర్ణయించుకుని వెళ్లింది. అయిదూ తీసిచ్చి ఉండాల్సింది అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

అసలు చిక్కు ఎక్కడుందో ఇన్నేళ్లలో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. పుస్తకమో యాప్‌లో ప్యాకేజీయో ఫలానాది కొనమని చెప్పేది మీరు, డబ్బు పెట్టేది పిల్లలు. మీ టేబుల్ మీదికి పబ్లిషర్ల స్పెసిమెన్ కాపీ ఊరికే వస్తుంది, యాప్ కంపెనీవాళ్ల డెమో లాగిన్ ఊరికే వస్తుంది. ధర కనబడాల్సిన మనిషికి కనబడదు. ఇది లెక్చరర్ల దుర్బుద్ధి అని నేను అనడం లేదు, మా షాపుకి వచ్చే లెక్చరర్లలో పిల్లల కోసం సొంత డబ్బులతో సెట్లు వేయించేవాళ్లు ఉన్నారు, పేరు చెప్పొద్దంటారు కూడా. ధర చూసే అలవాటు ఈ ఏర్పాటులోనే లేదు, అంతే. కూరగాయలు కొనేటప్పుడు కిలో ఎంత అని అడగని మనిషి ఉండడు, ఒక క్లాసులో అరవైమందితో పుస్తకం కొనిపించేటప్పుడు మాత్రం ఎంత అని ఎవరూ అడగరు.

మీరు పంపే ఫైళ్ల గురించి కూడా ఒక మాట. వాట్సాప్ గ్రూపులో నోట్సు పెడుతున్నారు, మంచిదే. కానీ అది ఫోనుతో తీసిన ఫొటో, పుస్తకం మధ్య మడత దగ్గర నల్లటి నీడ, అక్షరాలు ఆ నీడలోకి ఒరిగిపోయి ఉంటాయి. ఆ నలుపంతా నా మెషీన్‌లో టోనర్ తాగేస్తుంది, అది నా బాధ, పోనివ్వండి. కిందటేడాది ఒక ఫైలులో పేజీ పట్టుకున్న సార్ బొటనవేలు కూడా పడింది. ఆ వేలి కింద ఉన్నది డెరివేషన్‌లో ఆఖరి రెండు లైన్లు. ఆ ఒక్క ఫైలు నేను దాదాపు నలభైమందికి ప్రింట్ తీశాను, నలభైమంది పిల్లలూ ఆ రెండు లైన్లు లేకుండానే చదువుకున్నారు. సార్‌కి ఫోన్ చేసి అడగొచ్చు కదరా అంటే భయం అన్నారు. ఒక్కసారి టైప్ చేస్తే, లేదా సరైన స్కానర్ మీద పెట్టి తీస్తే, అది పదేళ్లు పనికొస్తుంది. మీకు స్కానర్ లేకపోతే నా షాపుకి పంపండి, లెక్చరర్లకి పాఠం స్కాన్ చేసిస్తే నేను రూపాయి తీసుకోను.

ఇప్పుడు మా అమ్మాయి సప్లీ ఎలా గట్టెక్కిందో చెబుతాను, అసలు ఈ లేఖ రాయడానికి ధైర్యం ఇచ్చింది అదే. లాగిన్ పోయాక వాళ్ల సీనియర్ ఒకబ్బాయి చెప్పాడట, అమెరికాలో ఎంఐటీవాళ్లు పాఠాలన్నీ ఊరికే పెట్టారు చూడు అని. ఆ సంస్థ 2001లోనే తన కోర్సుల మెటీరియల్‌ని ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చని ప్రకటించింది. అందులో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ మీద ప్రొఫెసర్ అలాన్ ఒపెన్‌హైమ్ 1987లో చెప్పిన వీడియో పాఠాలున్నాయి. 1987 అంటే నేను అయిదో క్లాసు. ఆయన చెప్పింది ఇంగ్లీషే అయినా నెమ్మదిగా, అర్థమయ్యేలా చెప్పాడని, కన్వల్యూషన్ అంటే ఏమిటో తనకి మొదటిసారి అప్పుడే తెలిసిందని మా అమ్మాయి అంది. మిగతాది ఎన్‌పీటెల్‌లో చూసుకుంది. మన ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి తయారుచేసిన పాఠాలవి, చూడటానికి పైసా అక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే మాత్రం వెయ్యి రూపాయలు. సప్లీ పాసైంది. 2,832 రూపాయలు పెట్టినప్పుడు పోయిన సబ్జెక్టు, ఊరికే దొరికినవాటితో పాసైంది. యాప్ వల్లే పోయిందని నేను అనను, రెండోసారి తను కష్టపడి చదివింది, అది కూడా ఉంది.

అయితే మీరు అంటారు, ఇవన్నీ మాకు తెలుసు, ఊరికే ఉన్నా పిల్లలు చూడరు అని. నిజమే, చూడరు. ఎందుకు చూడరో కూడా నేను చెబుతాను. పరీక్షలో వచ్చేది ఆల్ ఇన్ వన్‌లో ఉన్నదే అని పిల్లల నమ్మకం, ఆ నమ్మకం తప్పు కాదని పాత పేపర్లు జిరాక్స్ తీసేటప్పుడు నాకే తెలుస్తుంది. ఎంఐటీ పాఠం ఎంత గొప్పదైనా మన సిలబస్‌లో యూనిట్ 3 అంటే అందులో ఎన్నో లెక్చర్ అనేది రెండో ఏడాది పిల్లకి ఎలా తెలుస్తుంది? మా అమ్మాయికి అది వెతుక్కోవడానికే నాలుగు రోజులు పట్టింది. అదే మీకైతే ఒక గంట పని. సబ్జెక్టు తెలిసిన మనిషి ఒక్క పేజీ రాసిస్తే చాలు. యూనిట్ 1కి ఫలానా ఎన్‌పీటెల్ కోర్సులో మూడో వారం, యూనిట్ 2కి ఫలానా ఉచిత పుస్తకంలో ఎనిమిదో చాప్టర్, ఈ టాపిక్ ఎక్కడా సరిగా లేదు కాబట్టి నా నోట్సు చదవండి. ఆ ఒక్క పేజీ క్లాసులో మొదటి రోజు ఇచ్చి, మిడ్స్‌లో ప్రశ్నలు కొన్ని అందులోంచే ఇచ్చి చూడండి. పిల్లలు ఎందుకు చూడరో నేను చూస్తాను.

ఉచితంగా దొరికేవి తక్కువేం కాదు. అమెరికాలో రైస్ యూనివర్సిటీవాళ్లు 2012 నుంచి ఓపెన్‌స్టాక్స్ పేరుతో పాఠ్యపుస్తకాలు పెడుతున్నారు, యూనివర్సిటీ ఫిజిక్స్ మూడు సంపుటాలూ అందులో ఉన్నాయి, ఎవరి పుస్తకమో పేరు చెప్పి ఎవరైనా కాపీ తీసుకోవచ్చని, ప్రింట్ వేసుకోవచ్చని ఆ పుస్తకం మీదే రాసి ఉంటుంది. నా వృత్తిలో పద్దెనిమిదేళ్లుగా "ఇది తీయొచ్చా, తీయకూడదా" అన్న బెరుకు ఉంటుంది, తీసుకోండి బాబూ అని పుస్తకమే చెప్పడం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మీకు చెప్పలేను. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం ఉంది. కాలేజీలో పరికరం పాడైతే ఇంట్లో ప్రయోగం చేసి చూసుకోవడానికి వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సాంకేతిక విద్య చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈవాళ్లు ఈ-కుంభ్ అనే పోర్టల్‌లో డిప్లొమా, ఇంజనీరింగ్ పుస్తకాలు భారతీయ భాషల్లో పెట్టారు, తెలుగులో కూడా. నా దగ్గరికి వచ్చే వినుకొండ వైపు అబ్బాయి ఒకడు ఫస్టియర్‌లో అందులోంచి ఫిజిక్స్ ప్రింట్ తీయించుకున్నాడు. ఒక పేజీ తెలుగులో చదివి, అదే సంగతి ఇంగ్లీషు పుస్తకంలో చదువుకునేవాడు. తెలుగు ప్రింట్లు బ్యాగులో అడుగున పెట్టేవాడు, ఫ్రెండ్స్ చూస్తారని. ఎవరు నేర్పారు వాడికి ఆ సిగ్గు? క్లాసులో మీరొక్కసారి ఆ పుస్తకం చేత్తో పట్టుకుని "ఇది కూడా చదవండి" అంటే చాలు, ఆ కాగితాలు బ్యాగు పైకి వస్తాయి.

కాపీరైట్ భయం గురించి. నేను చాలామంది లెక్చరర్ల నోట విన్నాను, నాలుగు పుస్తకాల్లోంచి తలా ఒక చాప్టర్ తీసి పిల్లలకి సెట్ చేసి ఇస్తే కేసవుతుందేమో అని. నా వృత్తి కాబట్టి ఈ సంగతి నాకు బాగా గుర్తు. ఢిల్లీ యూనివర్సిటీలో, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ అని నాలాంటి షాపే ఒకటి. లెక్చరర్లు చెప్పిన పుస్తకాల్లోంచి చెప్పిన పేజీలు తీసి బైండ్ చేసి పిల్లలకి ఇచ్చేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ పబ్లిషర్లు కలిసి ఆ షాపు మీదా, యూనివర్సిటీ మీదా కేసు వేశారు, 60 లక్షల నష్టపరిహారం అడిగారు. ఒక జిరాక్స్ షాపు మీద 60 లక్షలు! ఆ వార్త చదివిన రోజు మా వీధిలో మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. విద్యార్థులూ, టీచర్లూ ఆ షాపు పక్కన నిలబడి కేసులో చేరారు. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఉంది, బోధనలో భాగంగా టీచరో విద్యార్థో కాపీ తీసుకుంటే అది ఉల్లంఘన కాదని. ఆ ఏడాది డిసెంబరులో అదే కోర్టు డివిజన్ బెంచి (ఇద్దరు జడ్జీలు) కేసుని మళ్లీ విచారణకి పంపినా, బోధనకి అవసరమైనంత మేరకు తీసుకోవచ్చనే చెప్పింది. 2017లో పబ్లిషర్లు తమ దావా వెనక్కి తీసుకున్నారు.

దీన్నిబట్టి ఏ పుస్తకమైనా మొత్తం కొట్టి అమ్ముకోవచ్చని నేను అనడం లేదు. నేను కూడా అలా చేయను. మన దగ్గరే పుస్తకం రాసి, సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్న మాస్టారి పుస్తకాన్ని పిల్లలు మొత్తం జిరాక్స్ అడిగితే కొనుక్కోమని పంపేస్తాను, అది ఆయన కష్టం. కానీ ఒక సబ్జెక్టుకి ఫలానా ఫలానా పేజీలు చాలు అని లెక్చరర్ ఏరి ఇస్తే, ఆ సెట్ పిల్లాడికి వంద నూట ఇరవైలో అయిపోతుంది. ఏరి ఇచ్చే పని మీది. అది చట్టం మీకు ఇచ్చిన వెసులుబాటు, వాడుకోండి.

లైబ్రరీల సంగతి ఎక్కువ రాయను, రాస్తే ఆవేశం వస్తుంది. ఫీజులో లైబ్రరీ అని ఒక పద్దు ఉంటుంది. నూట ఎనభైమంది చదివే సబ్జెక్టుకి లైబ్రరీలో ఆరు కాపీలు ఉన్నాయని మా అమ్మాయి లెక్కపెట్టి చెప్పింది, అందులో రెండు రిఫరెన్సువి, బయటికి ఇవ్వరు. మన ప్రాంతానికి ఇది తగదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆంధ్రదేశంలో గ్రంథాలయాల్ని ఒక ఉద్యమం చేసింది విజయవాడ నుంచే. 1935లో పాతూరి నాగభూషణం గారు ఇటు పెదపాలెం వైపు పుస్తకాలు పడవలో పెట్టి కాలువ మీద ఊరూరా పంపించారు. మా తాతయ్యది కొల్లిపర. రేవులో పడవ ఆగితే పుస్తకం తీసుకుని, మళ్లీ పడవ వచ్చేదాకా ఇంటిల్లిపాదీ చదివేవాళ్లమని ఆయన చెబుతుండేవాడు. మా రోజుల్లో కూడా ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు బుక్ బ్యాంక్ అని ఉండేది, ఏడాదికి సెట్ ఇచ్చి పరీక్షలయ్యాక వెనక్కి తీసుకునేవారు. అదే పద్ధతి అందరికీ పెట్టడానికి ఏమిటి కష్టం? పాసైన పిల్లలు పుస్తకాలు కిలోల లెక్కన పాతపేపర్లవాడికి వేసేస్తున్నారు, నేనే చూస్తున్నాను. ఏప్రిల్‌లో కాలేజీ గేటు దగ్గర ఒక బల్ల వేసి, లైబ్రేరియన్ గారు రసీదు రాసిస్తే సగం సెట్లు అక్కడే పోగవుతాయి.

యాజమాన్యాలకు ఇంకొక మాట. 2024 నవంబరు 25న కేంద్ర కేబినెట్ వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకాన్ని, అంటే పరిశోధన జర్నళ్లకి ప్రభుత్వమే చందా కట్టి పిల్లలకి చదువుకోనిచ్చే పథకాన్ని, ఆమోదించింది. మూడేళ్లకి 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్లు. కానీ అది ప్రభుత్వ విద్యాసంస్థలకే. మన జిల్లాల్లో ఇంజనీరింగ్ పిల్లల్లో ఎక్కువమంది ఉన్నది ప్రైవేటు కాలేజీల్లో. ఫైనలియర్ ప్రాజెక్టుకి జర్నల్‌లోని ఒక పరిశోధన వ్యాసం కావాలంటే వాళ్లు తెలిసినవాళ్లని బతిమాలుకోవాల్సిందే. మా పిల్లల్ని కూడా కలపండి అని మీరంతా కలిసి అడగొచ్చు కదా. అఫిలియేషన్ కోసం, సీట్ల కోసం కలిసి వెళ్తున్నారు, దీనికోసం ఒకసారి వెళ్లండి.

నేను డిజిటల్‌కి వ్యతిరేకిని కాదు. మంచి పాఠం తయారుచేయడానికి ఖర్చవుతుందని తెలుసు, మనిషి కష్టానికి డబ్బు ఇవ్వాలి. కంప్యూటర్ మీద చేసుకునే లెక్కల అభ్యాసాలు, తప్పు చేస్తే అక్కడే చెప్పేవి, అలాంటివి పుస్తకం చేయలేని పని చేస్తాయి. అలాంటిది నిజంగా ఉంటే కాలేజీ తరఫున కొని పిల్లలకి ఇవ్వండి. అందరికీ కలిపి బేరమాడితే మీకు వచ్చే ధర పొన్నూరు నుంచి వచ్చిన ఆ పెద్దాయనకి రాదు. కానీ నేను ప్రింట్ తీసిన ఆ 143 పేజీల్లో అభ్యాసాలు లేవు, వీడియోలు లేవు. మామూలు పీడీఎఫ్, పైన తాళం. ఇంకోటి, ఊళ్లలో ఇంటికెళ్లిన పిల్లలకి సిగ్నల్ ఉండదు, రోజుకి ఒకటిన్నర జీబీలో అన్నదమ్ములిద్దరూ సర్దుకుంటారు. ఎన్‌పీటెల్ వీడియోలు కాలేజీ సర్వర్‌లో పెట్టేస్తే పిల్లలు ల్యాబ్‌లో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని వెళ్తారు. మీలో చాలా కాలేజీలు ఎన్‌పీటెల్ లోకల్ చాప్టర్లే, అంటే దానితో అధికారికంగా కలిసి పనిచేసేవే, బోర్డు గేటు దగ్గరే కనబడుతుంది.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. వచ్చే సెమిస్టర్ మొదలవడానికి ముందే, ఏ సబ్జెక్టుకి ఏం కొనాలి, ధర ఎంత, కొనకుండా చదువుకోవాలంటే దారి ఏమిటి, లైబ్రరీలో ఎన్ని కాపీలున్నాయి, ఇంతవరకూ ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డులో పెట్టండి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. కొన్న యాప్‌లోనే అసైన్‌మెంట్ పెడితేనే మార్కులు అనే షరతు తీసేయండి, కాగితం మీద రాసి ఇచ్చినా తీసుకోండి. లెక్చరర్లు ఏరిన సెట్లుగానీ, ఉచిత పుస్తకాలుగానీ ఏ కాలేజీ పంపినా కాగితం, టోనర్ ఖర్చుకే నేను వేసిస్తాను, మా వీధిలో ఇంకో ఇద్దరు షాపులవాళ్లతో మాట్లాడాను, వాళ్లూ సరే అన్నారు.

ఇవన్నీ ఆలోచించుకోవడానికి టైము పడుతుందని తెలుసు. టైము అక్కర్లేనిది ఒకటి ఉంది. ఆ కుర్రాడు నిన్న మళ్లీ వచ్చాడు. వాడికి 1-2లో మ్యాథ్స్ మిగిలి ఉందట, ఆ లాగిన్ మూసుకుపోయి చాలా రోజులైందట, ఎవరి దగ్గరైనా పాత ప్రింట్లు మిగిలాయేమో చూడండి అంకుల్ అని అడిగాడు. నా దగ్గర లేవు. బ్యాక్‌లాగులున్న పిల్లలందరి లాగిన్లూ ఈ వారంలో తెరవండి. సప్లీ ఫీజు కట్టే గడువు దగ్గరకొచ్చేసింది.

ఇట్లు,
బ్రాడీపేటలో జిరాక్స్ షాపు నడుపుకునే ఒక తండ్రి,
గుంటూరు